దెబ్బ పడ్డాక కాదు, నారు పోసిన నాడే

పొలం పనికి వెళ్ళిన మనిషి తిట్టు పడకుండా, దెబ్బ తినకుండా, మానం కాపాడుకుని పొద్దుగూకే వేళకు ఇంటికి చేరాలని కోరటం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. కాని మన పల్లెల్లో ఇది ఇంకా కూలి రేటంత గట్టిగా అడిగే కోరిక కాలేదు. కూలి పది రూపాయలు తగ్గించారంటే పేటంతా ఒకచోట చేరుతుంది. అదే ఆసామి గట్టు మీద నిలబడి బూతులు లంకించుకుంటే "ఆయన నోరే అంత" అని సరిపెట్టుకుంటారు. మేస్త్రీ ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే "బయట పెడితే మనకే పరువు తక్కువ" అని ఇంట్లోవాళ్ళే నోరు నొక్కేస్తారు. పాలేరును కొట్టంలో కట్టేసి కొడితే "అప్పు తీసుకున్నాడుగా, ఏం చేస్తాం" అంటారు.

ఈ మూడు మాటలూ దౌర్జన్యం చేసేవాడికే పనికొస్తాయి.

కోపం మనిషిని చూసి వస్తుంది

పొలంలో జరిగే దౌర్జన్యాన్ని కోపిష్టి మనిషి స్వభావంగా చూస్తే మనకు దారి దొరకదు. కూలివాడి మీద చెయ్యెత్తే ఆసామి బ్యాంకు మేనేజరు ముందు, ఎరువుల కొట్టు షావుకారు ముందు ఎంత అణకువగా నిలబడతాడో మనకు తెలియంది కాదు. అతని కోపం మనిషిని చూసి వస్తుంది. ఎవరి మీద వస్తుందో లెక్క తీయండి. కూలి బాకీ అడిగినవాడి మీద. అప్పు తీరకముందే వేరే చోటికి పనికి పోతానన్నవాడి మీద. మంచినీళ్ళకని నడుం ఎత్తిన ముసలమ్మ మీద. ఒంటరిగా వెనకబడ్డ ఆడపిల్ల మీద. అంటే ఇది పని పిండుకోవటానికీ, కూలి తొక్కిపెట్టటానికీ, నోరు మూయించటానికీ వాడే పనిముట్టు. కొడవలి, పార ఎలాగో ఇదీ అలాగే.

1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో 44 మందిని గుడిసెలో సజీవంగా తగలబెట్టారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. కాస్త ఎక్కువ ధాన్యం కూలిగా అడగటం, సంఘం పెట్టుకోవటం వాళ్ళ నేరం. 2013 డిసెంబరులో ఒడిశాలోని కలహండి ప్రాంతం నుంచి ఇటికబట్టీ పనికి తీసుకురాబోయిన కూలీలలో ఇద్దరి కుడి చేతుల్ని లేబర్ కాంట్రాక్టరు మనుషులు నరికేశారు. అడ్వాన్సు పుచ్చుకున్న చెయ్యి పనికి రానంటే ఆ చెయ్యే ఉండకూడదన్నమాట! రెండు చోట్లా ఇది క్షణికావేశం కాదు. మిగతా కూలీలకు చెప్పిన పాఠం.

ఇంత ఘోరాలు జరిగినప్పుడు పేపర్లు రాస్తాయి, నాయకులు వస్తారు, ధర్నాలు జరుగుతాయి. అవన్నీ జరగాల్సిందే. కాని అంత దాకా రాకముందు ఎన్ని తిట్లు, ఎన్ని తోపులాటలు, ఎన్ని బెదిరింపులు నడుస్తాయో ఎవరూ రాయరు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆ మారణకాండకు ముందు జరిగింది మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక తగాదా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా రానివ్వకూడదంటే, గోటి దగ్గరే పట్టుకునే ఏర్పాటు ఊళ్ళో ఉండాలి. ఆ ఏర్పాటు గురించే ఈ వ్యాసం.

ఇతర చోట్ల ఏం చేశారు?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఇమొకలీ ప్రాంతంలో టమాటా తోటలున్నాయి. అక్కడ కాయ కోసేది మెక్సికో, గ్వాటెమాల, హైతీ దేశాల నుంచి వలస వచ్చిన పేదలు. 1996లో ఒక కుర్ర కూలి మంచినీళ్ళు తాగటానికి పని ఆపాడని అతని మేస్త్రీ రక్తం కారేటట్టు కొట్టాడు. ఆ రాత్రి వందలాది కూలీలు రక్తపు మరకల చొక్కాను పట్టుకుని ఆ మేస్త్రీ ఇంటి మీదికి ఊరేగింపుగా వెళ్ళారు. ఒకణ్ణి కొడితే అందర్నీ కొట్టినట్టేనని నినదించారు.

వాళ్ళు ఆ ఊరేగింపుతో ఆగలేదు. తోట యజమానిని నిజంగా కదిలించేది ఎవరని ఆలోచించారు. టమాటాలు కొనే పెద్ద హోటళ్ళ కంపెనీలు, దుకాణాల కంపెనీలు! ఏళ్ళ తరబడి వాటి మీద పోరాడి, 2011 నాటికి ఫ్లోరిడా టమాటా తోటల్లో ఎక్కువ భాగం ఒక ఒప్పందం కిందికి వచ్చేటట్టు చేశారు. ఆ ఒప్పందంలో కూలీలే రాయించిన నియమాలున్నాయి. కొట్టినా, ఆడవాళ్ళ మీద చెయ్యి వేసినా ఆ మేస్త్రీ ఉద్యోగం పోవాలి. యజమాని అతణ్ణి వెనకేసుకొస్తే ఒప్పందం మీద సంతకం చేసిన కంపెనీలు ఆ తోట కాయ కొనకూడదు. రాత్రీ పగలూ ఫిర్యాదు తీసుకునే ఫోను ఉంది. కూలీల హక్కులేమిటో కూలీలే వచ్చి, పని గంటల్లోనే, కూలి కోత లేకుండా చెబుతారు. పోలీసు భయానికి లొంగని మేస్త్రీ పెత్తనం, కాయ అమ్ముడుపోదనే భయానికి లొంగింది.

ఇంత దూరం పోనక్కర్లేదు. పక్కనున్న తమిళనాడులో దిండిగల్ ప్రాంతపు బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. చంపింది సూపర్‌వైజరు. తర్వాత అక్కడి ఆడకూలీల సంఘం పట్టుబట్టి, 2022 ఏప్రిల్లో యాజమాన్యంతోను, బట్టలు కొనే విదేశీ కంపెనీలతోను దిండిగల్ ఒప్పందం చేసుకుంది. దాని కింద ప్రతి పాతికమంది కార్మికులకు ఒక కార్మికురాలు కాపలాదారు. ఆమెకు శిక్షణ ఇచ్చారు. ఆమె పని వేధింపును చూసి రాయటం, అక్కడికక్కడే నిలదీయటం, పైకి చేర్చటం. మాట వేధింపుగా ఉన్నప్పుడే పట్టుకుంటే అది హత్య దాకా పోదని వాళ్ళ లెక్క.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 2023 జనవరి 23న హాఫ్‌మూన్‌బే దగ్గర రెండు తోటల్లో ఒక కూలి తోటి కూలీలు ఏడుగుర్ని కాల్చి చంపాడు. పేదవాడి చేతిలోనే పేదవాళ్ళు పోయారు. అక్కడి కూలీ కుటుంబాలు సరుకు రవాణా చేసే ఇనప పెట్టెల్లో కాపురం ఉంటున్నారన్న సంగతి కూడా అప్పుడే లోకానికి తెలిసింది. ఆ రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం చాలావరకు యజమానులంతా పనిచోట హింస జరగకుండా ముందే కాగితం మీద పథకం రాసుకోవాలి, అది కార్మికుల్ని కలుపుకుని రాయాలి, ఏటా శిక్షణ ఇవ్వాలి, జరిగిన ప్రతి సంఘటనా రిజిస్టరులో రాసి అయిదేళ్ళు దాచాలి.

ఈ మూడింటి సారం ఒకటే. ప్రమాదాన్ని ముందే కనిపెట్టటం, కార్మికుల్లోంచే కాపలా పెట్టటం, ప్రతిదీ రాసిపెట్టటం, యజమానికి నష్టం తగిలే చోట ఒప్పందం బిగించటం.

చట్టం ఉంది, చేనుకు చేరలేదు

మన దేశంలో చట్టాలు లేక కాదు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, జిల్లాకు ఒక స్థానిక కమిటీ విచారించాలి. పల్లెల్లో మండలానికొక నోడల్ అధికారి ఉండి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. రాయటం రాని మనిషికి కమిటీవాళ్ళే రాసిపెట్టాలి. యజమాని ఏర్పాటు చేసిన బండి కూడా చట్టం దృష్టిలో పనిచోటే. మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు.

చెప్పుకోటానికి బాగానే ఉంది. కాని చట్టం వచ్చిన పదకొండేళ్ళకు, 2024 డిసెంబరు 3న, జిల్లా అధికారుల్ని వెంటనే నియమించండి, స్థానిక కమిటీలు వెయ్యండి, నోడల్ అధికారుల్ని పెట్టండి అని గడువులు పెట్టి సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. దీన్నిబట్టే అమలు ఎంత సొగసుగా ఉందో తెలుస్తోంది. మీ మండలంలో నోడల్ అధికారి ఎవరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పదిమంది ఆడకూలీలు మండలాఫీసుకు వెళ్ళి అడగండి. పేరు, ఫోను నంబరు రాసి ఇమ్మనండి. అక్కణ్ణుంచే పని మొదలు.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించి సాంఘిక బహిష్కారాన్నీ, పని ఇవ్వకుండా చేసే ఆర్థిక బహిష్కారాన్నీ నేరంగా చేర్చారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నాటిది. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేస్తే కలెక్టరు విడిపించి తీరాలి. అయితే చట్టం ఒక్కటే కాపాడదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. బాధితులు ఏళ్ళ తరబడి పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు తలుపు తట్టాలి, కాని ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకూడదు.

ఊళ్ళో చెయ్యాల్సిన ఏర్పాటు

మొదటిది, ఎక్కడెక్కడ ప్రమాదం ఉందో జాబితా రాయాలి. ఇందుకు ఆడవాళ్ళు విడిగా కూర్చోవాలి. మగవాళ్ళ ముందు కొన్ని మాటలు నోరు దాటవు. ఏ ఆసామి పొలానికి పోవాలంటే జంకు? ఏ దారి నిర్మానుష్యం? బహిర్భూమికి ఎటు పోతున్నారు? ఆటో డ్రైవరు ఎవరు, చివరగా దిగేది ఎవరు? కూలి డబ్బులు ఎక్కడ, ఎన్ని గంటలకు ఇస్తున్నారు? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఆసామి ఇంటికో, చేలో షెడ్డుకో ఒక్కొక్కరే వెళ్ళి కూలి తెచ్చుకోవటం ఉన్న చోట వేధింపుకు తలుపు తీసిపెట్టినట్టే.

రెండోది, ఆ జాబితాను బట్టి పని పద్ధతి మార్చాలి. కూలి గట్టు మీదే, వెలుతురుండగానే, ముఠా అంతటికీ కలిపి ఇవ్వాలి. ఎవరూ ఒంటరిగా వెనక ఆగకూడదు, జట్టు జట్టుగా కదలాలి. ఆటోలో చివరి ఇద్దరు కలిసే దిగాలి. మిరప కోతకు, పత్తి తీతకు వలస వచ్చినవాళ్ళు పడుకునే పాకకు తలుపు, గడియ, దీపం ఉండాలి. పైసా పెద్దగా ఖర్చు లేని పనులివి.

మూడోది, ముఠాకు ఇద్దరు ఆడవాళ్ళను కాపలాగా ఎన్నుకోవాలి. వాళ్ళు మేస్త్రీ బంధువులు కాకూడదు. కంచే చేను మేసిన అనుభవాలు మనకు కొత్త కాదు. మనిషిని తెచ్చినందుకు కమీషన్ తీసుకునే మేస్త్రీ, ఆ మనిషి పక్షాన నిలబడతాడని ఎలా నమ్ముతాం?

నాలుగోది, పుస్తకం. రెండొందల పేజీల నోటుపుస్తకం చాలు. తేదీ, చోటు, ఎవరు ఏం చేశారు, చూసినవాళ్ళెవరు, ఏం చర్య తీసుకున్నాం అన్నవి రాయాలి. బాధితురాలి పేరు వేరే కాగితం మీద రాసి కాపలా ఆడవాళ్ళ దగ్గరే ఉంచాలి. తిట్టు కూడా రాయాలి, బెదిరింపు కూడా రాయాలి. ఒకే ఆసామి పేరు మూడుసార్లు వచ్చిందంటే నాలుగోసారి దాకా ఆగకుండా పదిమంది వెళ్ళి అడగాలి.

అయిదోది, దెబ్బ పడిన రోజు ఏం చెయ్యాలో ముందే అందరికీ తెలిసుండాలి. బాధితుణ్ణి ఒంటరిగా వదలకూడదు. ముందు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళి, దెబ్బలు ఎలా తగిలాయో రాయించాలి. అత్యాచారం జరిగితే ఒంటి మీది బట్టలు ఉతకకూడదు. స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అంటే ఒప్పుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, కేసు కట్టాల్సిన నేరమైతే ఏ స్టేషన్లోనైనా కట్టాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కట్టనంటే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. అత్యవసరానికి 112, ఆడవాళ్ళకు 181, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుకు 14566 నంబర్లు ఉన్నాయి. వీటిని పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి నాలుగు డబ్బులు ఇప్పించి మాపు చేసే పంచాయితీకి మాత్రం పోవద్దు. మానానికి వెల కట్టే అధికారం వాళ్ళకెవరూ ఇవ్వలేదు.

ఆరోది, అన్నిటికంటె ముఖ్యమైంది, ఒప్పందం. కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే ఈ నాలుగు షరతులూ కలపాలి. తిట్టటం, కొట్టటం, చెయ్యి వెయ్యటం ఉండదు. అప్పు పేరుతో ఎవర్నీ ఆపరు. ఫిర్యాదు చేసినవాళ్ళను పనిలోంచి తియ్యరు. దౌర్జన్యం జరిగి పని ఆపితే ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తారు. షరతు తప్పిన ఆసామి చేలోకి ఎవ్వరూ దిగరు. కాగితం మీద రాసి, సంతకాలు చేయించి, పదిమందిలో చదివి వినిపించాలి.

బలం ఎక్కడుంది?

ఎందుకు ఒప్పుకుంటారు అని అడగొచ్చు. టమాటా కొనే కంపెనీ మన చేతిలో లేదు. కాని రోజులు మన చేతిలో ఉన్నాయి. నారు పోసిన నాటి నుంచి నాటు వేసేదాకా మూడు నాలుగు వారాలు. ఆపైన నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి పడిపోతుంది. పండిన మిరపకాయ చెట్టు మీద ఎన్నాళ్ళో ఆగదు. విచ్చిన పత్తి వానకు తడిస్తే రంగు మారి ధర పడిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో ఆసామికి కూలివాడి అవసరం, కూలివాడికి ఆసామి అవసరం కంటె ఎక్కువ. నాటు అయిపోయాక అడిగితే "చూద్దాంలే" అంటాడు. నారుమడి పచ్చగా ఉన్నప్పుడు అడిగితే కూర్చుని మాట్లాడతాడు.

ఇదివరకటి అంత పట్టు ఇప్పుడు లేదన్నదీ నిజమే. వరి కోతకు మిషన్లు వచ్చాయి. నాట్లకు కూడా ఉత్తరాది నుంచి, బెంగాల్ నుంచి కూలీ జట్లు దిగుతున్నాయి. "మీరు కాకపోతే వాళ్ళు" అనే బెదిరింపు అందుకే. అయితే ఆ వచ్చినవాళ్ళు మనకు శత్రువులు కారు. భాష రాక, అడ్వాన్సుకు కట్టుబడి, ఊళ్ళో ఒక్క మనిషీ తెలియక వాళ్ళు మనకంటె ఎక్కువ దెబ్బలు తింటున్నారు. వాళ్ళను ఒప్పందంలో కలుపుకోకపోతే మన ఒప్పందానికి కూడా విలువ ఉండదు. వాళ్ళ పాక దగ్గరికి మొదటి రాత్రే వెళ్ళి పలకరించాలి, హిందీ ముక్కలు వచ్చిన కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళాలి.

రెండెకరాల రైతు, కౌలు రైతు సంగతేమిటి? అతను అప్పులోళ్ళ చేతిలో నలుగుతూ, ఆ చిరాకు కూలి మీద చూపించటం మనం చూస్తూనే ఉన్నాం. అతనితో తగాదా పెట్టుకోవటం మన ఉద్దేశం కాదు. నోరు అదుపులో పెట్టుకోటానికి, కూలి గట్టు మీద ఇవ్వటానికి ఎకరాలు అక్కర్లేదని అతనికి నచ్చజెప్పాలి. ఈ షరతుల వల్ల అతనికి పడే భారం రూపాయి కూడా లేదు.

ఇక మన వాడలోని మాట. తాగొచ్చి పని దగ్గరే పెళ్ళాన్ని కొట్టేవాడు, తోటి కూలి కూతురి మీద కన్నేసినవాడు, పక్క కులం కూలీని పేరు పెట్టి హీనంగా పిలిచేవాడు మనలో ఉంటే, అతని పేరు కూడా ఆ పుస్తకంలోనే ఎక్కాలి. ఆసామికి ఒక న్యాయం, మనవాడికి ఒక న్యాయం అయితే ఆడవాళ్ళు ఆ పుస్తకాన్ని నమ్మరు. ఆడవాళ్ళు నమ్మని పుస్తకం చిత్తుకాగితం. నాట్లు, కలుపు, కోత, తీత పనుల్లో ఎక్కువ చేతులు ఆడవాళ్ళవేనని మరవకూడదు. వాళ్ళు నడపని ఏర్పాటు నిలవదు.

నోరు విప్పిన మనిషికి మర్నాడు పని దొరకదన్న భయమే అన్నిటికీ అసలు తాళం. ఆ భయం పోవాలంటే ఆమె ఇంట్లో పొయ్యి ఆరకూడదు. ముఠాలో ప్రతి ఒక్కరూ సీజనుకు ఒక పూట కూలి పక్కన పెట్టండి. పని పోగొట్టుకున్న మనిషికి అందులోంచి రోజు కూలి ఇవ్వండి. ఇది దానం కాదు. రేపు ఆ చోట మనం ఉండొచ్చు.

ఈసారి నారుమడి దున్నేలోగా మూడు పనులు కావాలి. నోడల్ అధికారి పేరు తెలియాలి. ముఠాకు ఇద్దరు కాపలా ఆడవాళ్ళను ఎన్నుకోవాలి. పుస్తకం తెరవాలి. ఒప్పందం ఆ తర్వాత నారు ఎదిగే రోజుల్లో కుదురుతుంది. ఒక్క ఊళ్ళో కుదిరినా చాలు, పక్క ఊరివాళ్ళు చూడటానికి వస్తారు. కూలి పెరుగుదల అలాగే ఊరి నుంచి ఊరికి పాకింది. దెబ్బ తినకుండా బతికే హక్కు కూడా అలాగే పాకాలి.